ముందు ట్రాకు, తర్వాతే రిమోటు

విజయవాడ, ఆటోనగర్

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

పాలిటెక్నిక్ ప్రాజెక్టుకని ట్యాంకులా నడిచే రోబో మొదలెట్టావట. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి రిమోటు, కెమెరా, బోర్డులు అన్నీ తెచ్చేసుకున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. కొన్నవి ఎలాగూ కొన్నావు, కొన్నాళ్లు వాటిని అట్టపెట్టె లోంచి తియ్యకు. నా మొదటి బండికి నేనూ ఇదే తప్పు చేశాను. రిమోటు రెండు రోజుల్లో పనిచేసింది. ట్రాకు, అంటే చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టా, ఊడకుండా నిలవడానికి నాలుగు నెలలు పట్టింది.

ట్రాకు కొనొద్దు, నువ్వే కట్టు. ఒక్కో పక్కకి రెండు సైకిల్ చైన్లు పక్కపక్కనే వేసి, వాటి మీద అడ్డంగా అల్యూమినియం పట్టీలు బిగించు. రెండు పక్కలా లింకులు లెక్కపెట్టుకో, ఒక్కటి కూడా తేడా రాకూడదు. పాత చైను ఒకటి, కొత్తది ఒకటి కలపొద్దు. అరిగిన చైను సాగి ఉంటుంది, పట్టీలు వంకరగా పడతాయి.

ట్రాకును తిప్పే పళ్ల చక్రానికి సైకిల్ వెనక చక్రానికి వేసే 18 పళ్ల ఫ్రీవీల్ చవగ్గా దొరుకుతుంది. కానీ దాని పేరులోనే ఉంది కదా, ఒక వైపే పట్టుకుంటుంది, రెండో వైపు ఊరికే తిరుగుతుంది. నా బండి ముందుకు దర్జాగా పోయి, వెనక్కి రమ్మంటే కిరకిరలాడుతూ అక్కడే నిలబడింది. లోపలి భాగానికీ బయటి భాగానికీ కలిపి రెండు మూడు చోట్ల వెల్డింగ్ చుక్క పెట్టించు.

ట్రాకు ఊడేది తిన్నగా పోయేటప్పుడు కాదు, మలుపులో. బండి నిలుచున్న చోటే తిరిగితే చైన్లు నేల మీద అడ్డంగా ఈడ్చుకుపోతాయి. అందుకే బండి మరీ పొడుగ్గా ఉండకూడదు. నేలకు ఆనే పొడవు 40 సెంటీమీటర్లయితే రెండు ట్రాకుల మధ్య ఎడం 30 అయినా ఉండనీ. ఎడం మార్చకుండా ఆనే పొడవు రెట్టింపు చేస్తే, తిరగడానికి కావలసిన బలం కూడా దాదాపు రెట్టింపవుతుంది. ముందు చక్రం, మధ్య చక్రాలు, వెనక పళ్ల చక్రం ఒకే గీతలో ఉన్నాయో లేదో తాపీమేస్త్రీలా నూలుదారం పట్టి చూడు, కంటిని నమ్మకు. ముందు చక్రం ఇరుసుకు గుండ్రటి బెజ్జం కాకుండా పొడుగు గాడి కోయించు. అప్పుడు చైను వదులైతే ముందుకు జరిపి బిగించుకోవచ్చు. పై వరస మధ్యలో బొటనవేలితో నొక్కితే కొంచెం దిగాలి. వీణ తీగలా బిగిస్తే మోటారు బలమంతా అది తినేస్తుంది.

ఇదంతా అయ్యాక మోటార్లు లేకుండానే బండిని చేత్తో తోసి, తిప్పి, ఇసక కుప్ప ఎక్కించి చూడు. చేతికి రాని బండి మోటారుకూ రాదు.

మోటారు లెక్క సులువే. బండి 8 కిలోలనుకో. 30 డిగ్రీల వాలు ఎక్కడానికి అందులో సగం, 4 కిలోల లాగుడు కావాలి. ఆ 18 పళ్ల చక్రం వ్యాసార్థం సుమారు 3.7 సెంటీమీటర్లు, రెండూ గుణిస్తే తిప్పే బలం (టార్క్) మొత్తం 15 కేజీ-సెంటీమీటర్లు, ఒక్కో మోటారుకి ఏడున్నర. రాపిడి, మలుపులు కలుపుకుని దానికి మూడింతలు తీసుకో. వేగం 100 ఆర్పీఎం, అంటే నిమిషానికి 100 చుట్లు, చాలు. చక్రం ఒక చుట్టుకి 23 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి గంటకు కిలోమీటరున్నర లోపే. నెమ్మది అనుకోకు, గోడకు గుద్దినప్పుడు నాకు దండం పెడతావు.

ఇక్కడ పాత కార్ల వైపర్ మోటార్లు కావలసినన్ని. బలం బాగుంటుంది కానీ ఒక మెలిక ఉంది. చాలావాటిలో నెగెటివ్ తీగ లోపలే మోటారు ఒంటికి కలిసి ఉంటుంది. రెండింటినీ ఇనుప ఫ్రేముకి బిగించి ఒకదాన్ని ముందుకి, ఒకదాన్ని వెనక్కి తిప్పావా, ఫ్రేము గుండానే షార్టు. కింద రబ్బరు ముక్క, బోల్టులకు ప్లాస్టిక్ వాషర్లు వెయ్యి. మోటార్లకు కరెంటు అందించి అటూ ఇటూ తిప్పే డ్రైవరు బోర్డుగా అందరూ చెప్పే ఎల్298ఎన్ వద్దు. ఒక్కో మోటారుకి 2 ఆంపియర్లే ఇస్తుంది, పైగా సుమారు 2 వోల్టులు వేడిగా పోగొడుతుంది. బీటీఎస్7960 తీసుకో, దాని మీద రాసిన 43 ఆంపియర్లు మాత్రం నమ్మకు.

బ్యాటరీకి యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్)ది సరిపోతుంది. రెండు కిలోలకు పైగా తూగుతుంది, తూగనీ. లిథియం సంగతి రెండో బండికి చూద్దాం. ప్లస్ తీగకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి.

రిమోటు పెట్టె తెరిచిన రోజున బండిని ఇటుకల మీద ఎత్తిపెట్టు. మోటార్లు తిరుగుతుండగా చేతిలో రిమోటు ఆపెయ్. వెంటనే ఆగాలి. సిగ్నల్ పోయినా చివరి ఆజ్ఞనే పట్టుకు వేలాడే రిసీవర్లున్నాయి. అలాంటిదే ఒకటి మీ అత్తయ్య తులసికోటను గుద్దింది. ఆ ముచ్చట ఆవిడ్నే అడుగు, నాకంటే వివరంగా చెబుతుంది. రిసీవర్లో సిగ్నల్ పోతే మోటార్లు ఆపే ఫెయిల్‌సేఫ్ పెట్టుకో, ప్రోగ్రాములో కూడా రిసీవర్ నుంచి అర సెకను పల్స్ రాకపోతే మోటార్లు ఆగేలా రాసుకో. నడిమి స్థానంలో పల్స్ నిడివి 1500 మైక్రోసెకన్లని పుస్తకంలో ఉంటుంది, రిమోటు మీది పుల్ల మాత్రం సరిగ్గా అక్కడ నిలవదు. 1470 నుంచి 1530 దాకా అంతా సున్నాయే అనుకో.

సంక్రాంతికి వస్తావుగా, ఫ్రేమూ చైన్లూ బస్సులో తెచ్చెయ్. పండగ మూడు రోజులూ లేతు ఖాళీ. కెమెరా తేవద్దు.

మీ మామయ్య