గాడిదను దత్తత తీసుకుంటున్నాం, ఆరోగ్యపరంగా ఏమేం చూడాలి?
ముందు గిట్టలు చూడండి. కొసలు పైకి వంగి సాగి ఉంటే చాలాకాలంగా ఎవరూ కత్తిరించలేదన్నమాట. 6 నుంచి 10 వారాలకోసారి ఆ పని జరగాలి. మెడపై కొవ్వు గట్టిపడి ఒక పక్కకు ఒరిగితే తిండి ఎక్కువైందని అర్థం. పచ్చగడ్డి, ధాన్యం దండిగా పెడితే గిట్టల లోపల వాచి కుంటుతుంది. ఎండుగడ్డే దానికి సరైన మేత.

అసలు టెన్షన్ పడాల్సింది మేత మానేసినప్పుడు. గాడిద నొప్పిని బయటపెట్టదు, తల వేలాడేసి ఊరికే నిలబడుతుంది. 'కొత్త చోటు కదా, బెంగ పెట్టుకుంది' అని వదిలేస్తే రక్తంలో కొవ్వు పెరిగిపోయి ప్రాణం మీదికొస్తుంది. అదే రోజు పశువుల డాక్టర్ని పిలవండి. జత నుంచి విడదీసినా ఇదే ముప్పు, అందుకే రెండింటినీ కలిపి తెచ్చుకోవడం మేలు.

పళ్లు ఏడాదికోసారి చూపించాలి, ధనుర్వాతం టీకా వేయించాలి. మీకు గుర్రాలు కూడా ఉంటే, లద్దె పరీక్ష చేయించాకే కలపండి. గాడిద ఊపిరితిత్తుల్లో పురుగులున్నా మామూలుగా దగ్గదు, అంటుకున్న గుర్రమే దగ్గుతుంది.