వాక్యూమ్ చేసిన రొయ్యల కవర్ ఉబ్బితే

భీమవరం నుంచి తెచ్చిన రొయ్యల్ని వాక్యూమ్ చేసి, అంటే కవర్‌లో గాలి తీసేసి సీలు వేసి, ఫ్రిజ్ కింది అరలో పెడితే ఆరో రోజుకి కవర్ ఉబ్బిందని, వండుకోవచ్చా అని ఒకరు అడిగారు. వద్దండి, పారేయండి. రుచి కూడా చూడొద్దు.

గాలి తీసేస్తే సూక్ష్మజీవులన్నీ చావవు. బొటులిజం అనే ప్రాణాంతక ఆహార విషానికి కారణమయ్యే క్లాస్ట్రిడియం బ్యాక్టీరియా గాలి లేనిచోటే పెరుగుతుంది. చేపలు, రొయ్యల్లో ఉండే రకం 3 డిగ్రీల చలిలోనూ పెరగగలదు, మన ఫ్రిజ్‌లు సాధారణంగా అంతకంటే వెచ్చగానే ఉంటాయి. విషం చేరినా వాసన మారకపోవచ్చు, కవర్ ఉబ్బకపోనూవచ్చు. అందుకే పచ్చి రొయ్యలైతే నేరుగా డీప్ ఫ్రీజర్‌కే, మైనస్ 18 దగ్గర.

సీలు సరిగా పడకపోవడానికి కారణం తడి. తల, పెంకు, తోక తీసేయండి, ఆ ముళ్లు కవర్‌ని పొడుస్తాయి. కడిగి, గుడ్డతో అద్ది, పళ్లెంలో విడివిడిగా పరిచి రెండు గంటలు ఫ్రీజర్‌లో గట్టిపడనివ్వండి. కవర్ మూతి బయటికి మడిచి నింపితే అంచుకి జిగురు అంటదు. పైన 8 సెంటీమీటర్లు వదిలి, సెంటీమీటరు ఎడంగా రెండు సీళ్లు వేయండి. పూటకి సరిపడా అర కిలో చొప్పునే కట్టండి, తేదీ రాయండి.

కరిగించేటప్పుడు గాలి తగిలేలా ముందు కవర్ కత్తిరించి, గిన్నెలో వేసి ఫ్రిజ్‌లోనే ఉంచండి. ఇది చాలామంది మర్చిపోతారు. తుఫానుకి కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తీయకండి. వచ్చాక చూసి, లోపల ఇంకా మంచు పలుకులుంటే వెంటనే వండేసుకోవచ్చు.