బ్రూక్స్ అండ్ డన్ కచేరీకి వెళ్తున్న మేనల్లుడికి

చి॥ మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

మీ ఆఫీసు వాళ్ళంతా కలిసి బ్రూక్స్ అండ్ డన్ అనే ఇద్దరు గాయకుల జంట టూర్‌కి వెళ్దామంటున్నారని, నీకేమో వాళ్ళు పాడే కంట్రీ మ్యూజిక్, అంటే అమెరికా పల్లె బాణీ పాటల్లో ఓనమాలు కూడా రావని వాయిస్ మెసేజ్ పెట్టావు. టికెట్ ఎంతలో కొనాలి, ఏం వేసుకోవాలి, అసలక్కడ మనలాంటివాళ్ళు కనిపిస్తారా అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం వింటావు, మిగతా సగానికి "సరే అత్తా" అంటావు. అందుకే రాస్తున్నాను. మేం టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్ వచ్చిన కొత్తల్లో కారు రేడియో తిప్పితే చాలు వీళ్ళ పాటలే వచ్చేవి. అప్పట్నుంచీ మీ మావయ్యని లాక్కుని ఇలాంటి కచేరీలకి పోతూనే ఉన్నాను.

ముందు డబ్బు సంగతి. స్టేజీకి ఎంత దగ్గరైతే అంత గొప్ప అని నీ కొలీగ్స్ నీకు నూరిపోస్తారు. వినకు. అరీనాలో, అంటే పైకప్పున్న పెద్ద హాల్లో, స్టేజీ ముందు వేసే ఫ్లోర్ కుర్చీలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. మొదటి పాటకే అందరూ లేచి నిలబడతారు. ఇక నీకు కనిపించేది ముందువాడి టోపీ, వాడు పైకెత్తిన ఫోను. అంత డబ్బు పోసి ఫోను తెరలో కచేరీ చూడ్డం ఏం సరదా? ఫ్లోర్‌కి వెనకవైపు, మధ్యలో సౌండ్ మిక్సింగ్ చేసే కన్సోల్ పెట్టుకుని ఇంజనీరు కూర్చుంటాడు. ఆయన తన చెవికి ఎలా వినిపిస్తే అలా సర్దుతాడు, కాబట్టి ఆ చుట్టుపక్కల, ఆ వెనకాల కింది వరుస గ్యాలరీలో కూర్చుంటే పాట అసలు రుచి తెలుస్తుంది. సీటు మ్యాప్‌లో స్టేజీకి ఎదురుగా ఉన్న సెక్షన్లు చూసుకో. పక్క సెక్షన్లు అయినా ఫరవాలేదు గానీ స్టేజీ వెనక్కి, స్పీకర్ల గుత్తి కిందకి మాత్రం వెళ్ళకు. మీ ఊళ్ళో కచేరీ అరీనాలో కాకుండా ఆంఫీథియేటర్‌లో అయితే లెక్క వేరు. పైకప్పు కింద కుర్చీలు, వాటి వెనక పచ్చికలో లాన్ టికెట్లు. లాన్ చవక. కాకపోతే మనుషులు చీమల్లా కనిపిస్తారు, పెద్ద స్క్రీన్లే గతి. వానొచ్చినా షో ఆపరు, మెరుపులు దగ్గరికొస్తే తప్ప. నలుగురూ కబుర్లు చెప్పుకుంటూ వినడానికైతే లాన్ బానే ఉంటుంది. పాట కోసం వెళ్తే వద్దు.

టికెట్ కొనేటప్పుడు 'ప్లాటినం' అని కనిపిస్తే స్పెషల్ సీటేమో అనుకునేవు. అదేం లేదు. అదే సీటు, గిరాకీని బట్టి రేటు పెంచి అమ్ముతారు, అంతే. బ్యాక్‌స్టేజ్ లేదు, భోజనం లేదు. 2025 మే నుంచి అమెరికాలో ఫీజులన్నీ కలిపి మొత్తం రేటు మొదట్లోనే చూపించాలని రూలు వచ్చింది, కాబట్టి చివరి పేజీలో గుండె జారిపోయే బాధ కొంత తగ్గింది. ఒకరు కొన్న టికెట్‌ని మళ్ళీ అమ్మే రీసేల్‌లో కొంటే తెలిసిన యాప్‌లోనే కొను. ఫేస్‌బుక్‌లో ఎవడో "నేను రాలేకపోతున్నా, నా టికెట్ తీసుకోండి" అంటే, స్క్రీన్‌షాట్ పంపిస్తానంటే, దణ్ణం పెట్టి వచ్చెయ్. ఇప్పుడు చాలా టికెట్లలో బార్‌కోడ్ కదులుతూ మారిపోతూ ఉంటుంది, స్క్రీన్‌షాట్ గేటు దగ్గర పనిచేయదు. ఇంట్లో ఉండగానే టికెట్‌ని ఫోన్ వాలెట్‌లో వేసుకో. గేటు దగ్గర వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తారు, నెట్ రాదు.

ఇంకో మాట. "ఇదే వాళ్ళ ఆఖరి టూరేమో, మళ్ళీ చూడలేమేమో" అని ఎవరైనా తొందరపెడితే తొందరపడకు. వీళ్ళు 2009లో విడిపోతున్నామని చెప్పారు, 2010లో 'లాస్ట్ రోడియో' అని వీడ్కోలు టూర్ చేసి సెప్టెంబర్‌లో కంట్రీ పాటలకి పుట్టిల్లులాంటి నాష్‌విల్‌లో ఆఖరి కచేరీ కూడా అయిందనిపించారు. మేమంతా ముక్కులు చీదుకున్నాం. 2015కల్లా రీబా మెకంటైర్ అనే కంట్రీ గాయనితో కలిసి లాస్ వేగస్‌లో ప్రత్యక్షం!

ఇక పాటలు. అసలు సంగతి ఇదీ. ఏమీ వినకుండా వెళ్తే అరగంటలో నీకు ఫోన్ చూసుకోవాలనిపిస్తుంది. వెళ్ళే ముందు వారం కారులో ఓ నాలుగు పాటలు పెట్టుకో, చాలు. 'నియాన్ మూన్', 'బూట్ స్కూటిన్ బూగీ', ఈ రెండూ 1991లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌లోవి. ఆ ఆల్బమ్ నుంచి వచ్చిన మొదటి నాలుగు సింగిల్సూ, అంటే విడిగా విడుదల చేసిన పాటలూ, బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల చార్టులో నంబర్ వన్ అయ్యాయి. మూడోది 1996 నాటి 'మై మరియా', అది 1973లో వేరే ఆయన పాడిన పాట, వీళ్ళు మళ్ళీ పాడారు. అందులో గొంతు పైకి ఎగిరే చోట హాలు మొత్తం పాడుతుంది, ఎవరికీ ఆ శ్రుతి అందదు, అయినా పాడతారు. నువ్వూ పాడు. నాలుగోది 2005 నాటి 'బిలీవ్'. అది మాత్రం ఒక్కడివే ఉన్నప్పుడు మాటలు పట్టించుకుని విను.

ఇద్దరు పాడే బృందం అంటే ఇద్దరూ సరిసమానంగా పాడతారనుకుంటావు. వీళ్ళు అలా కాదు. పెద్ద హిట్లలో ఎక్కువ భాగం ముందుండి పాడేది రానీ డన్, టెక్సస్ మనిషి. మైకు దగ్గర నిలబడి పాడతాడు, పెద్దగా కదలడు. కిక్స్ బ్రూక్స్ లూసియానా వాడు. స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూ, జనంతో మాట్లాడుతూ, గిటార్ ఊపుతూ హాలంతా తన చేతిలో పెట్టుకుంటాడు. ఇద్దరూ విడివిడిగా సోలో గాయకులవ్వాలని నాష్‌విల్ వచ్చినవాళ్ళే. అరిస్టా అనే రికార్డుల కంపెనీ నాష్‌విల్ ఆఫీసు నడిపిన టిమ్ డుబోయ్ "కలిసి పాటలు రాసి చూడండి" అని ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. ఆ కూర్చోబెట్టడం ఎంత పనిచేసిందంటే, 1992 నుంచి 2006 దాకా ఒక్క 2000 సంవత్సరం తప్ప ప్రతి ఏడూ సీఎంఏ, అంటే కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్ళ ఉత్తమ ద్వయం అవార్డు వీళ్ళకే. కాబట్టి చూడ్డానికి బ్రూక్స్ ఉన్నాడు, వినడానికి డన్ ఉన్నాడు. స్క్రీన్ మీద డన్ ముఖాన్ని పెద్దగా చూపిస్తున్నప్పుడు నువ్వు కళ్ళు తిప్పి స్టేజీ మీద బ్రూక్స్ ఏం చేస్తున్నాడో చూడు, నీ టికెట్ డబ్బులు అక్కడ గిట్టుతాయి.

బ్యాండ్‌లో పెడల్ స్టీల్ వాయించే మనిషిని వెతుక్కో. నాలుగు కాళ్ళ బల్లలాంటి వాయిద్యం ముందు కూర్చుని ఉంటారు. ఎడమచేతిలో గుండ్రటి ఉక్కు కడ్డీ, అది తీగల మీద జారుతుంది. కుడిచేతి వేళ్ళకి మీటడానికి తొడుగులు. కింద పాదాలతో పెడల్సు, మోకాళ్ళతో లీవర్లు. ఒళ్ళంతా వాయిస్తున్నట్టే ఉంటుంది. చిన్నప్పుడు మీ తాతగారు రేడియోలో చిత్రవీణ పెట్టేవారే, అందులోనూ తీగ మీద కడ్డీ జార్చే వాయిస్తారు. స్వరం నుంచి స్వరానికి తెగకుండా జారే ఆ నాదం నీ చెవికి కొత్తేం కాదు. 'నియాన్ మూన్'లో ఏడుపంతా డన్ గొంతుది కాదు, సగం దీనిదే.

టైము గురించి. టికెట్ మీద రాసింది మొదట పాడేవాళ్ళు ఎక్కే టైము, వీళ్ళది కాదు. హెడ్‌లైనర్ అంటే ఆఖర్న వచ్చేవాడు. ముందు ఒకరో ఇద్దరో ఓపెనర్లు పాడతారు. కుర్రకారు వాళ్ళని వదిలేసి బయట బీరు తాగుతూ నిలబడతారు. నువ్వు మాత్రం లోపలికెళ్ళి కూర్చో. పెద్ద పేరు కోసం కాదు, రేపు పెద్దవాళ్ళయ్యే గొంతులు అక్కడే వినిపిస్తాయి. ఆ తర్వాత విరామం. జనం బాత్రూములకి పరిగెడతారు. నువ్వు కదలకు. నల్ల టీషర్టుల కుర్రాళ్ళు వచ్చి పాత సామాను తోసేసి, వెనక డ్రమ్ముల మీది నల్లగుడ్డ లాగుతారు. పాటల వరుస రాసిన కాగితాన్ని నేల మీద టేపుతో అంటిస్తారు. ఒకడు గిటార్లన్నీ ఒక్కొక్కటే ఎత్తి, చప్పుడు రాకుండా శ్రుతి చూసి స్టాండులో పెడతాడు. ఇంకొకడు డన్ నిలబడే చోటే నిలబడి "చెక్, టూ" అంటాడు. టూర్ అంటే ఊరూరా పాడేవాళ్ళు ఒక్కళ్ళే కాదు, ఈ పని కూడా ప్రతి రాత్రీ ఇలాగే జరగాలి. నాకైతే కచేరీలో ఇదీ ఒక ముచ్చటే.

చెవులు జాగ్రత్త. అమెరికా ఆరోగ్య సంస్థ ఎన్‌ఐఓఎస్‌హెచ్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దం 8 గంటలు భరించవచ్చు, 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే. కచేరీలో నూరు దాటడం పెద్ద విశేషం కాదు. మందుల షాపులో ఇయర్ ప్లగ్స్ చవగ్గా దొరుకుతాయి, కొనుక్కో. ముసలాళ్ళ వ్యవహారం అని నవ్వుకో, కానీ పెట్టుకో.

బట్టల గురించి టెన్షన్ పడకు. జీన్స్, మామూలు చొక్కా చాలు. బూట్లు కొనాలని ముచ్చటగా ఉంటే కొను, కానీ కచేరీ రోజే మొదటిసారి వేసుకోకు. ముందు ఇంట్లో వేసుకుని తిరుగు. నడిచేటప్పుడు మడమ కాస్త పైకి జారితే అది సహజం, సైజు తప్పు కాదు. వేళ్ళ దగ్గర నొక్కితే మాత్రం మార్చుకో. టోపీ అక్కర్లేదు. పెట్టుకుంటే మటుకు జాతీయ గీతం వస్తే తీసెయ్, ఇంకొకళ్ళ టోపీ ముట్టుకోకు, ఎక్కడైనా పెట్టాల్సి వస్తే అంచు కిందకి కాకుండా తల వైపు కిందకి పెట్టు. ఇక్కడివాళ్ళు టోపీని చూసి మనిషిని అంచనా వేస్తారు. చాలాచోట్ల బ్యాగులు కూడా పారదర్శకంగా ఉండాలి, లేదంటే చిన్న పర్సు అంత ఉండాలి. ఆ వేదిక వెబ్‌సైట్‌లో కొలతలుంటాయి, చూసుకుని వెళ్ళు.

మనవాళ్ళు ఉంటారా అన్నావు. ఉంటారు, కానీ వేళ్ళ మీద లెక్కపెట్టేంత. ఎక్కువమంది తెల్లవాళ్ళే, వాళ్ళలో నా వయసువాళ్ళు చాలామంది. 2019లో కేసీ మస్‌గ్రేవ్స్, ల్యూక్ కోంబ్స్ లాంటి కొత్త గాయకులతో కలిసి పాత పాటలు మళ్ళీ రికార్డు చేశారు, దానితో కుర్రాళ్ళూ పెరిగారు. పక్క సీటువాళ్ళు "ఎక్కడి నుంచి వచ్చావు, ఈ పాటలు నీకెలా తెలుసు" అని అడుగుతారు. కుతూహలంతో అడిగేవాళ్ళే ఎక్కువ. నీకు నచ్చిన పాట పేరు చెప్పు, మిగతా మాటలు వాళ్ళే మాట్లాడతారు. తాగి నోరు జారేవాడు ఎక్కడైనా ఉంటాడు. వాడితో వాదన పెట్టుకోకు. సీట్లు చూపించే అషర్ ఉంటారు, వాళ్ళకి చెప్పు, వేరే చోట కూర్చోబెడతారు.

తాగడం గురించి ఒక్క మాట. దీన్ని మాత్రం మీ అమ్మ చెప్పినట్టే విను. నువ్వు వీసా మీద ఉన్నవాడివి. తాగి కారు నడుపుతూ పట్టుబడితే, కేసు తేలకముందే ఆ అరెస్టు మీదే నీ పాస్‌పోర్టులోని వీసాని రద్దు చేసే అధికారం అమెరికా ప్రభుత్వానికుంది. గంజాయి కూడా అంతే. మీ రాష్ట్రంలో చట్టం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వాసన వస్తుంటే పక్కకి జరుగు. నువ్వు తాగినా తాగకపోయినా మీలో తాగనివాడెవడో ముందే తేల్చుకోండి. షో అయ్యాక పార్కింగ్ లాట్ నుంచి బయటపడటానికే గంట పట్టొచ్చు. ఉబర్ అయితే గేటు ముందు బుక్ చెయ్యకు, రేటు మండిపోతుంది. నాలుగు వీధులు నడిచి, వెలుతురున్న చోట నుంచి పిలు.

పొద్దున్నుంచి ఆఫీసులో ఏం తిన్నావో ఏమో, వెళ్ళే ముందు ఇంట్లో ఇంత పెరుగన్నం తిను. లోపల శాకాహారికి దొరికేది నాచోస్, పాప్‌కార్న్, ప్రెట్జెల్. బీన్స్ అంటే మనకి సరేననుకోకు, అందులో పంది కొవ్వు ఉండొచ్చు, అడిగి తీసుకో. లోపల నగదు చాలాచోట్ల తీసుకోరు, కార్డు ఉంచుకో. టీషర్టు కొనాలనుకుంటే వెళ్ళగానే కొని నడుముకి కట్టుకో, చివర్లో నీ సైజు ఉండదు.

మీ మావయ్య పార్కింగ్ మీద ఇంకా ఏదో చెప్పాలంటున్నారు. అది నేను రాయను, ఆదివారం ఆయనకే ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ అత్త