హాలక్స్ అంటే కాలి బొటనవేలే, కంగారు పడకండి

మీ అమ్మగారి ఎక్స్‌రే రిపోర్టులో 'హాలక్స్ వాల్గస్' అని రాశారని, ఆ మాటకు అర్థమేంటని, అసలు అది ఎక్కడిదని అడిగారు. రెండేళ్ల కిందట మా అమ్మ రిపోర్టు పట్టుకుని నేనూ ఇలాగే టెన్షన్ పడ్డాను.

హాలక్స్ అంటే కాలి బొటనవేలు, అంతే. లాటిన్‌లో 'హాలెక్స్' అనే మాట ఉండేది, వైద్యుల రాతల్లోకి వచ్చేసరికి హాలక్స్ అయింది. చేతి బొటనవేలికి వాళ్లు వాడే మాట వేరు, పోలెక్స్. మనకు చేతిదైనా కాలిదైనా బొటనవేలే. పక్షుల గురించి రాసేవాళ్లూ ఈ మాటే వాడతారు. కాకి కొమ్మ మీద వాలినప్పుడు వెనక నుంచి పట్టు బిగించే వేలు హాలక్సే.

మమ్మల్ని నిజంగా భయపెట్టింది ఫిజియోథెరపీ చీటీ. అందులో 'అబ్డక్టర్ హాలుసిస్' వ్యాయామాలు అని ఉంది. హాలూసినేషన్ అంటే లేనివి కనిపించడం కదా, అమ్మకు ఏదో మానసిక జబ్బు ఉందేమోనని తమ్ముడు ఆ రాత్రంతా నిద్రపోలేదు. ఆ రెండు మాటలకూ చుట్టరికమే లేదండీ. హాలుసిస్ అంటే 'హాలక్స్‌కు చెందిన' అని. బొటనవేలిని పక్కవేలి నుంచి దూరంగా లాగే కండరం పేరది. చీటీ కింద తెలుగులో ఒక్క ముక్క రాసి ఉంటే మాకు ఆ రాత్రి తప్పేది.

వాల్గస్ అంటే ఒంటి మధ్యగీతకు దూరంగా వంగడం. బొటనవేలు పక్కవేలి మీదికి ఒరిగిపోతుంది, దాని మొదట్లో లోపలివైపు బుడిపెలా పొడుచుకొస్తుంది. ఆ బుడిపెను ఇంగ్లీషు వాడుకలో బనియన్ అంటారు. మనం తొడుక్కునే బనియన్‌కూ దీనికీ సంబంధం లేదు. ఒరుగు 15 డిగ్రీలు దాటితే వాల్గస్ కింద లెక్క. అమ్మకు 28.

ఆమె పక్కవేలికి పెళ్లినాటి వెండి మెట్టె ఉండేది. బొటనవేలు ఒరిగి ఒరిగి దానికి రాసుకుని చర్మం ఎర్రగా కందిపోయింది. తీసెయ్యమని అనడానికి నాకు నోరు రాలేదు. ఓ రోజు తనంతట తనే మూడో వేలికి మార్చుకుంది. ముందు భాగం వెడల్పుగా ఉండే చెప్పులు, వేళ్ల మధ్య సిలికాన్ ముక్క వాడాక నొప్పి చాలావరకు తగ్గింది, వేలు మాత్రం అలాగే ఉంది. వీటితోనూ నొప్పి తగ్గకపోతేనే ఆపరేషన్ అన్నారు డాక్టరుగారు.

మీరు వెళ్లేముందు అమ్మగారికి నొప్పి ఉత్త కాళ్లతో నడిచినా ఉందా, చెప్పులు వేసుకుంటేనే వస్తోందా అని గమనించండి. మా డాక్టరుగారు మొదట అడిగింది అదే.