లాన్ మూవర్ కొనేటప్పుడు ముందు బ్యాటరీ చూడు

చిరంజీవి చిన్నాకు బాబాయి దీవెనలు.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో సొంతింట్లో పాలు పొంగించారని తెలిసి పిన్ని, నేను ఎంత సంతోషించామో! నిన్న గడ్డి కోసే రెండు కార్డ్‌లెస్ మూవర్ల (బ్యాటరీతో నడిచేవి) ఫోటోలు పంపి "ఏది కొనను బాబాయ్?" అన్నావు. ఫోటో చూసి చెప్పే సంగతి కాదురా, అందుకే కూర్చుని రాస్తున్నాను.

షాపులో అందరి కళ్ళూ మూవర్ మీదే ఉంటాయి. నువ్వు మాత్రం బ్యాటరీ చూడు. నువ్వు పంపిన రెండింటి కోత వెడల్పూ 20, 21 అంగుళాలే, మోటార్లు రెండూ బ్రష్‌లెస్సే, అంటే లోపల అరిగిపోయే బ్రష్‌లు లేని రకమే. తేడా అంతా బ్యాటరీలో ఉంది. పెట్టె మీద 40 వోల్టులు, 56 వోల్టులు అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. అది ఫుల్ ఛార్జ్‌లో ఉన్నప్పటి అంకె. పని చేసేటప్పుడు సగటున 40 అన్నది 36, 56 అన్నది 50.4, 60 అన్నది 54. ఆ చిన్న అంకెను బ్యాటరీ మీద రాసి ఉండే ఆంపియర్ అవర్లతో (Ah) హెచ్చవెయ్యి, అందులో ఎంత కరెంటు నిల్వ ఉంటుందో వాట్ అవర్లలో తెలుస్తుంది. రయోబీ కంపెనీ 40 వోల్టుల 6 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 216 వాట్ అవర్లు వస్తాయి. ఈగో కంపెనీ 56 వోల్టుల 5 ఆంపియర్ అవర్ దానికి 252. చూశావా, 6 కంటే 5 ఎక్కువైంది!

ఒక ఛార్జ్‌కు ఇన్ని నిమిషాలు నడుస్తుందని డబ్బాపై రాసేది నమ్ముకోకు. మే, జూన్ నెలల్లో మీ బెర్ముడా గడ్డి దుప్పటిలా దట్టంగా పెరుగుతుంది. దానికి తోడు తనంతట తాను నడిచే మూవరైతే చక్రాలు కూడా ఛార్జ్ తింటాయి. మీకు ముందూ వెనకా కలిపి 4,000 చదరపు అడుగులు అన్నావు, చదునైన నేల. తోసుకునే రకం చాలు. బరువూ తక్కువ, ధరా తక్కువ. మిగిలిన డబ్బు పెద్ద బ్యాటరీకి పెట్టు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. మొదటిసారి చవగ్గా వస్తోందని ఒక మూవర్ కొన్నాను. నాలుగేళ్ళకు బ్యాటరీ నీరసించింది. కొత్తది కొందామంటే ఆ కంపెనీ ఆ రకం తయారీయే ఆపేసింది. మోటారు, బ్లేడు బంగారంలా ఉన్నా మిషన్ మొత్తం పారేయాల్సి వచ్చింది. ఆ రోజు నాకు నిజంగా కడుపు మండింది. అందుకే అంచుల గడ్డి కత్తిరించే ట్రిమ్మర్, ఆకులు ఊదే బ్లోయర్, మూవర్ అన్నిటికీ ఒకే బ్యాటరీ సరిపోయే బ్రాండు ఎంచుకో. విడి బ్యాటరీ ధర ఎంతో ముందే కనుక్కో. "టూల్ ఓన్లీ" అని ఉంటే బ్యాటరీ, ఛార్జర్ రావు, తక్కువ ధర చూసి తొందరపడకు.

తెచ్చుకున్నాక ఆ బ్యాటరీని గరాజ్‌లో ఉంచకు. టెక్సస్ ఎండాకాలంలో గరాజ్ కొలిమి. వేడికి లిథియం బ్యాటరీ ఆయుష్షు తరిగిపోతుంది. ఇంట్లోకి తెచ్చి చల్లారనిచ్చి ఛార్జ్ పెట్టు. చలికాలం వాడనప్పుడు ఫుల్ చేసి వదిలెయ్యకు, సగం ఛార్జ్‌తో ఉంచు.

గడ్డిని ఒక్కసారే మొదలంటా కొట్టెయ్యకు, ఎత్తులో మూడోవంతు మించి తియ్యొద్దు. తడి గడ్డి జోలికి పోకు, కింద ముద్దలు కట్టి మోటారు మీద భారం పడుతుంది. మొద్దుబారిన బ్లేడు గడ్డిని కొయ్యదు, పీకుతుంది. కొసలు ఎండి గోధుమరంగుకు తిరిగితే సాన పట్టించు.

ఇంకొకటి, ఇది మరిచిపోవద్దు నాన్నా. ఇరుక్కున్న గడ్డి తీయాలంటే ముందు బ్యాటరీ బయటికి లాగు, తర్వాతే చెయ్యి పెట్టు. శబ్దం లేదు కదా, ఆగిపోయింది కదా అనుకోకు. కాళ్ళకు బూట్లు వేసుకో, చెప్పులతో వద్దు. మిషన్ తిరుగుతుంటే పాపను బయటికి రానివ్వకు, చిన్న రాయి తగిలినా బుల్లెట్‌లా లేస్తుంది.

శనివారం ఉదయం ఎండ ఎక్కక ముందే వస్తాను. నా మూవర్ కారులో వేసుకొస్తా, మీ యార్డ్‌లో ఒకసారి నడిపి చూసి, ఒక ఛార్జ్ ఎంత దూరం వస్తుందో తేల్చుకుని, అప్పుడు షాపుకు వెళ్దాం.

మీ
బాబాయి