పాదరసాన్ని తట్టుకునే బ్యాక్టీరియాను చెరువులో వదలొచ్చా?

ప్రశ్న: సార్, నేను నల్లగొండలో బీఎస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నా. కలుషితమైన సముద్రాల అడుగు బురదలో పాదరసానికి చావని బ్యాక్టీరియా ఉంటుందని క్లాసులో చెప్పారు. మా బాపు చెరువులో చేపలు పడతారు. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువుల్లో దాన్ని వదిలితే పాదరసం పోతుంది కదా?
– ఓ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: పోదమ్మా. పాదరసం మూలకం, ఏ జీవీ దాన్ని అరిగించుకోలేదు. ఆ బ్యాక్టీరియా తన ప్రాణం కాపాడుకుంటుంది, అంతే. నీటిలో కరిగిన విషపు రూపాన్ని లోపలికి తీసుకుని, మెర్-ఏ అనే జన్యువు ఇచ్చే ఎంజైముతో మామూలు పాదరసంగా మార్చేస్తుంది. అది ఆవిరై పోతుంది. పాదరసం కలిపిన ద్రవంలో ఈ బ్యాక్టీరియాను పెంచి, చీకట్లో పైన ఎక్స్‌రే ఫిల్మ్ కప్పితే ఆవిరి తగిలిన చోటల్లా ఫిల్మ్ నల్లబడుతుంది. ఆ మచ్చలు చూపించి మా పిల్లలకు చెబుతుంటా: ఇక్కడ తగ్గింది గాలిలో చేరింది, కొంత మళ్లీ వానతో దిగుతుంది.

అసలు భయం వేరే ఉంది. గాలి ఆడని అదే బురదలో, సల్ఫేటుతో బతికే కొన్ని బ్యాక్టీరియాలు పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా, అంటే ఒంట్లో పేరుకునే విషంగా మారుస్తాయి. అది చిన్న చేపల్లో చేరి, వాటిని మింగే కొర్రమీను లాంటి చేపల్లో ఇంకా పేరుకుంటుంది. జపాన్‌లోని మినమాటాలో చేపలు తిన్న కుటుంబాల నరాలు దెబ్బతిన్నాయి. ఆ జబ్బు 1956లో బయటపడింది. అక్కడ చివరికి బురదనే తోడి, సముద్రంలో 58 హెక్టార్ల మేర పూడ్చారు. ఆ పని 1990 దాకా సాగింది. మెర్-బి జన్యువు కూడా ఉన్న బ్యాక్టీరియా మిథైల్ మెర్క్యురీని విడగొడుతుంది, నిజమే. కానీ చెరువంతా దాని మీద వదిలేయడానికి నేను ఒప్పుకోను. పైగా ఈ జన్యువులు చాలాసార్లు యాంటీబయాటిక్స్‌కు లొంగని జన్యువులతో జంటగా ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పోతుంటాయి.

దీని చోటు ఫ్యాక్టరీ లోపల. జర్మనీలో క్లోరిన్ తయారుచేసే ఫ్యాక్టరీ మురుగునీటిని ఈ బ్యాక్టీరియా పెంచిన ట్యాంకులోంచి పంపి, పాదరసాన్ని అందులోనే పట్టేశారు. నీళ్లు గేటు దాటకముందే జరగాల్సిన పని ఇది.

ప్రాజెక్టు చేస్తానంటే చెయ్యమ్మా. మెర్క్యురిక్ క్లోరైడ్ అనే పాదరసపు లవణాన్ని మాత్రం, ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కిందే వాడాలి, గ్లౌజులు తప్పనిసరి. వాడిన ప్లేట్లు క్రిములను వేడితో చంపే ఆటోక్లేవ్‌లో పెట్టొద్దు, పాదరసపు ఆవిరి ల్యాబంతా నిండుతుంది. మిగిలిన ద్రవాన్ని సింకులో పొయ్యకుండా, మూత బిగించిన సీసాలో లేబుల్ వేసి మీ సార్‌కు అప్పగించు.