‘మత్తు దిగలేదు’ అన్న సంగతి మత్తు డాక్టరుకి చెప్పారా?

ప్రశ్న: నా వయసు 47. మాది తెనాలి, వైశ్యులం. మేనరికాలు ఎక్కువ, ఇంట్లో చాలామందికి షుగర్. ఒకే పూర్వీకుల నుంచి వచ్చినవాళ్ల డీఎన్‌ఏ పోల్చి చూస్తే షుగర్ జీన్లు దొరుకుతాయని చదివాను. మా కుటుంబమంతా పరిశోధనకు రక్తం ఇస్తే మాకు ఉపయోగమా? నేను చేయించుకున్న లాలాజలం డీఎన్‌ఏ టెస్టులో షుగర్ ‘రిస్క్ తక్కువ’ అని వచ్చింది కాబట్టి రెండు నెలలుగా మెట్‌ఫార్మిన్ మానేశాను. వచ్చే నెల గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ఉంది. మా అన్నయ్యకి అపెండిక్స్ తీశాక మత్తు దిగక ఐదు గంటలు వెంటిలేటర్ మీద ఉంచారు. అది వేరే విషయమనుకోండి.

జవాబు: వేరే విషయం కాదు. ముందు దాని గురించే చెబుతాను.

గొంతులో ట్యూబు వేసేముందు కండరాలు వదులయ్యే ఇంజెక్షన్ ఇస్తారు. వాటిలో ఒకటి సక్సినైల్‌కోలిన్, థియేటర్లో మేం స్కోలిన్ అంటాం. రక్తంలోని బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని ఐదు పది నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైము పుట్టుకతోనే బాగా తక్కువగా ఉన్నవాళ్లు గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. తెలివి వచ్చినా వేలు కూడా కదపలేరు, చూసేవాళ్లేమో ఇంకా మత్తులోనే ఉన్నాడనుకుంటారు. వైశ్యుల్లో ఈ లోపం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ.

మీ అన్నయ్యకి జరిగింది ఇదేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను, మత్తు ఆలస్యంగా దిగడానికి వేరే కారణాలూ ఉంటాయి. ఒకవేళ ఇదే అయితే మీకూ ఉండే అవకాశం కనీసం నాలుగింట ఒక వంతు. ఆయన డిశ్చార్జి సమ్మరీ వెతికించండి. మన ఇళ్లలో పదేళ్ల నాటి పట్టుచీర బిల్లయినా దొరుకుతుంది గానీ ఈ కాగితం దొరకదు! దొరక్కపోయినా సర్జన్‌తో ఆగకుండా ఈ సంగతి మత్తు డాక్టరుకి మీరే చెప్పండి. సీరం కోలినెస్టరేజ్ అని ఒక రక్తపరీక్ష ఉంది. పురుగుమందు తాగి వచ్చినవాళ్లకి మేం చేయించేదే, కొత్తదేం కాదు. తక్కువగా ఉంటే వేరే మందు వాడతారు. సాధారణంగా ఈ ఒక్క కారణానికి ఆపరేషన్ మానాల్సిన పని ఉండదు.

షుగర్ జీన్ల గురించి మీరు చదివింది కొంతవరకు నిజమే. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు. 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగినట్టు, ఆ ప్రభావం, ఇలా పెరిగినవాళ్లుగా పేరుపడ్డ ఫిన్లాండ్ వాళ్లకంటే బలంగా ఉన్నట్టు తేలింది. వాటిలో వైశ్యులూ ఉన్నారు. గోత్రాలు వేరైనా, మేనరికం కాకపోయినా, భార్యాభర్తల డీఎన్‌ఏలో ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన పొడవాటి ముక్కలు ఉండొచ్చు. జబ్బు ఉన్నవాళ్లంతా ఏ ముక్కని మామూలుకంటే ఎక్కువగా పంచుకున్నారో చూసి, జీన్‌ని అక్కడ వెతుకుతారు. ఎంజైము లోపం లాంటి ఒక్క జీన్ జబ్బుకి ఇది బాగా పనిచేస్తుంది. షుగర్ అలా కాదు, వందల చోట్ల చిన్నచిన్న తేడాలు, పైన తిండి, పొట్ట. పైగా ముక్క దొరికినంత మాత్రాన జీన్ దొరికినట్టు కాదు. అమెరికాలో ఆఫ్రికా మూలాలున్న కిడ్నీ రోగుల్లో ఇలాగే వెతికి 2008లో ఒక జీన్‌ని అనుమానించారు. అసలుది దాని పక్కింటి ఏపీఓఎల్1 అని 2010లో తేలింది.

ఇక ఆ లాలాజలం రిపోర్టు. ఇలాంటి రిపోర్టుల్లో రిస్కు లెక్కకట్టే స్కోర్లు ఎక్కువగా యూరప్ మూలాలవాళ్ల డేటాతో తయారైనవి. అయినా షుగర్ వచ్చి మాత్రలు వాడుతున్న మనిషికి ‘రిస్క్ తక్కువ’ ఏమిటండీ? అది చూసి మాత్రలు మానేయడం చదువుకున్నవాళ్లు చేయాల్సిన పని కాదు. అలాగని పాత డోసు మీరే మొదలెట్టకండి. ఈ వారంలోనే ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) చేయించి మీ డాక్టరుకి చూపించండి. ఆపరేషన్ ముందు రోజు ఏ మాత్ర ఆపాలో కూడా వాళ్లే చెప్పాలి.

పరిశోధనకి రక్తం ఇవ్వడం మీ ఇష్టం. ఫలితాలు మీకు చెబుతారో లేదో సమ్మతి పత్రంలో ఉంటుంది, చదివి సంతకం పెట్టండి. కోలినెస్టరేజ్ పరీక్షకి వెళ్లేటప్పుడు అన్నయ్యని కూడా తీసుకెళ్లండి.